కొత్త టాటూ మానేదాకా: ఎంత చేయాలి, ఎక్కడ ఆగాలి

కొత్తగా టాటూ వేయించుకున్నవారికి సలహాలకు కొదవ ఉండదు. ఒకరు మూడు రోజులు కప్పి ఉంచమంటారు, ఇంకొకరు రెండు గంటల్లో విప్పేయమంటారు. ఒకరు వ్యాసెలిన్ రాయమంటారు, ఇంకొకరు దాని జోలికే వెళ్లొద్దంటారు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియక చాలామంది అన్నీ కలిపి చేస్తారు. పదేపదే కడుగుతారు, దట్టంగా క్రీము పూస్తారు, గంటకోసారి వేలితో తడిమి చూస్తారు. కొత్త టాటూ పాడవడానికి జాగ్రత్త తక్కువవడం ఎంత కారణమో, ఎక్కువవడమూ అంతే కారణం. ఏది ఎంత చేయాలో తెలియాలంటే, సూది చర్మంలో ఏం చేసి వెళ్లిందో ముందు తెలియాలి.

మెషిన్ సూది నిమిషానికి వందల నుంచి వేల సార్లు చర్మంలో దిగి లేస్తుంది. దిగే లోతు సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. అరచేతులు, అరికాళ్లు తప్పిస్తే ఒంటి మీద చాలాచోట్ల చర్మపు పైపొర, అంటే ఎపిడెర్మిస్, మందం ఇంచుమించు 0.1 మిల్లీమీటరే. సూది ఆ పొరను దాటి, రక్తనాళాలూ నరాలూ ఉండే డెర్మిస్ పొరలో రంగు వదులుతుంది. వెళ్లేదారిలో పైపొరంతా తూట్లు పడుతుంది. కాబట్టి అరచెయ్యంత టాటూ అంటే, రోడ్డు మీద పడి అరచెయ్యంత మేర చర్మం దోక్కుపోయినట్టే లెక్క. తేడా ఒక్కటే: ఈ గాయం అడుగున, ఎప్పటికీ ఉండిపోవాల్సిన రంగు ఉంది.

ఆ రంగును పట్టి ఉంచేవి ఒంట్లోని రక్షణ కణాలు. రంగు రేణువులను పరాయి పదార్థంగా గుర్తించి మాక్రోఫేజ్ కణాలు మింగుతాయి. అరిగించుకోలేవు కనుక లోపలే పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి. కొంత రంగు దగ్గర్లోని లింఫు గ్రంథుల దాకా కొట్టుకుపోతుంది. ఈ కణాలు చనిపోయినప్పుడు బయటపడిన రంగును కొత్తగా వచ్చిన మాక్రోఫేజ్‌లు మళ్లీ మింగుతాయని 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద చేసిన ప్రయోగంలో తేలింది. బొమ్మ దశాబ్దాలపాటు ఒకేచోట నిలబడటానికి ఈ చేతులు మార్చుకోవడమే కారణమని వారు వివరించారు.

ఇక్కడే ఒక ముఖ్యమైన సంగతి అర్థమవుతుంది. పైన రాసే ఏ క్రీమూ ఈ కణాల దాకా వెళ్లి రంగును ‘నిలబెట్టదు’. అలా చెప్పి అమ్మేవి కూడా పైపొరకు తేమనిచ్చేవే. జాగ్రత్తలన్నీ పైపొర శుభ్రంగా, నెమ్మదిగా మూసుకోవడం కోసమే. గాయం లోతుకు దిగినప్పుడే, అంటే చీము పట్టినప్పుడో, మందపాటి పక్కు కట్టి ఊడినప్పుడో, గోటితో పీకినప్పుడో రంగుకు దెబ్బ తగులుతుంది.

కప్పడం, విప్పడం

పని ముగిశాక టాటూ మీద ఏదో ఒకటి కప్పి పంపిస్తారు. ఏది కప్పారన్న దాన్ని బట్టే ఎంతసేపు ఉంచాలన్నది ఉంటుంది. సలహాల్లో కనిపించే తేడాలకు సగం కారణం ఇదే.

వంటింట్లో వాడే క్లింగ్ ఫిల్మ్ అయితే అది దారిలో దుమ్ము, బట్టల రాపిడి తగలకుండా చేసిన ఏర్పాటు మాత్రమే. దానిలోంచి గాలి ఆడదు. కింద రక్తం, రసి, చెమట చేరి వెచ్చగా, తడిగా ఉంటుంది. సూక్ష్మక్రిములు పెరగడానికి అంతకంటే అనువైన చోటు ఉండదు. రెండు నుంచి నాలుగు గంటల్లో దాన్ని తీసి, పారేసి, టాటూను కడగాలి. అదే ముక్కను మళ్లీ చుట్టకూడదు. కాగితపు నాప్‌కినో గాయాలకు కట్టే పలుచని గాజ్ గుడ్డో కప్పి ఉంటే అది రసికి అతుక్కుపోతుంది. ఎండిన గుడ్డను లాగితే చర్మం కూడా వస్తుంది. గోరువెచ్చని నీళ్లు పోస్తూ దానంతట అది వదిలేదాకా ఆగాలి.

కళాకారులు సెకండ్ స్కిన్ అని పిలిచే పారదర్శక ఫిల్మ్ వేరు. పాలీయురిథేన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన పలుచని పొరకు ఒకవైపు జిగురు ఉంటుంది. బయటి నీటిని, క్రిములను లోపలికి రానివ్వదు, లోపలి ఆవిరిని మాత్రం బయటికి పోనిస్తుంది. ఆసుపత్రుల్లో గాయాలకు వాడే డ్రెస్సింగ్ నుంచి వచ్చిందే ఇది. దీని వెనుక ఉన్న శాస్త్రం కూడా పాతదే. 1962లో జార్జ్ వింటర్ అనే పరిశోధకుడు పందుల చర్మం మీద చేసిన ప్రయోగంలో, గాలికి ఎండి పక్కు కట్టిన గాయాల కంటే ఫిల్మ్ కింద తేమగా ఉంచిన గాయాల మీద కొత్త పొర దాదాపు రెట్టింపు వేగంతో పరుచుకుంది. కొత్త కణాలు తేమ ఉన్న ఉపరితలం మీద సులువుగా పాకుతాయి. పైన ఎండిపోతే పక్కు అడుగున తేమ ఉన్న లోతుకు దిగి దారి చేసుకోవాల్సి వస్తుంది.

ఈ ఫిల్మ్‌తో మొదటి రోజు చూసేవారికి భయం కలిగించే దృశ్యం ఒకటి ఉంటుంది. కింద నల్లటి లేదా రంగు రంగుల నీరు సంచిలా నిండుతుంది. అది రక్తపు రసి, పైపొరలో మిగిలిపోయిన అదనపు రంగు. టాటూ కరిగిపోవడం కాదు. సాధారణంగా మొదటి ముక్కను 24 గంటల తర్వాత తీసి, కడిగి, పూర్తిగా ఆరాక రెండోది వేస్తారు. అది మూడు నుంచి ఐదు రోజులు ఉండవచ్చు. అంచు ఎక్కడైనా లేచి నీరు కారడం మొదలైతే మాత్రం గడువు చూడకూడదు. బయటికి దారి దొరికిన నీటికి లోపలికీ దారి ఉంటుంది. పైన ఇంకో టేపు అంటించి సర్దుకోకుండా మొత్తం తీసేయాలి. టాటూ అంచు దాటి అన్నివైపులా కనీసం రెండున్నర సెంటీమీటర్లు బాగున్న చర్మానికి అంటుకుని ఉంటేనే ఫిల్మ్ నిలుస్తుంది. కింద క్రీము రాస్తే అసలు అంటుకోదు.

తీసేటప్పుడు పైకి లాగకూడదు. గోరువెచ్చని నీళ్ల కింద ఒక మూల లేపి, చర్మానికి సమాంతరంగా సాగదీస్తూ, వెంట్రుకలు వాలిన వైపుగా తీస్తే జిగురు తనంతట వదులుతుంది. ఫిల్మ్ ఉన్నంత మేర, దాని ఆకారంలోనే చర్మం ఎర్రబడి చిన్న చిన్న పొక్కులు లేస్తే అది ఆ జిగురు ఒంటికి పడకపోవడం. వెంటనే తీసేసి మిగతా రోజులు ఏమీ కప్పకుండానే చూసుకోవాలి. పొట్టు రాలడం మొదలయ్యాక మళ్లీ ఫిల్మ్ వేయడం వల్ల లాభం లేదు. తీసేటప్పుడు పొట్టును ముందే ఊడబెరుకుతుంది.

కడగడం

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే. ముందు చేతులు సబ్బుతో 20 సెకన్లు కడుక్కోవాలి. కొత్త టాటూకు సోకే క్రిముల్లో చాలావరకు మన చేతుల నుంచి, మన చర్మం నుంచే వస్తాయి. తర్వాత గోరువెచ్చని నీటితో టాటూను తడిపి, వాసన లేని ద్రవ సబ్బును అరచేతిలో నురగ చేసి, వేలి కొసలతో మెల్లగా గుండ్రంగా రుద్దాలి. పీచు, స్పాంజి, గుడ్డ వాడకూడదు.

ఎంతసేపు కడగాలన్నది గడియారం చూసి తెలుసుకునేది కాదు. వేలికి జిడ్డుగా, జారుడుగా తగిలే పొర ఒకటి ఉంటుంది. అది ఎండబోతున్న రసి. అది పోయి, చర్మం వేలికి చర్మంలా తగిలేదాకా కడగాలి. మొదటి రాత్రి ఆ పొరను వదిలేస్తే తెల్లవారేసరికి గట్టి పక్కు అవుతుంది. ఆ తర్వాత వచ్చే ఇబ్బందుల్లో చాలా వాటికి మూలం ఆ పక్కే. షవర్ ధారను నేరుగా టాటూ మీద కొట్టనివ్వకూడదు. చెయ్యి అడ్డుపెట్టి నీళ్లు జారనివ్వాలి. వేడినీళ్లు మంటను, వాపును పెంచుతాయి.

తడి ఆర్చడానికి కాగితపు టవల్‌తో అద్దితే చాలు. ఒళ్లు తుడుచుకునే టవల్‌లో తేమ, క్రిములు ఉంటాయి, దాని పోగులు పక్కులకు చిక్కుకుంటాయి. అద్దాక పది నిమిషాలు గాలికి వదిలేయాలి. మొదటి మూడు రోజులు రోజుకు రెండు మూడు సార్లు, ఆ తర్వాత ఒకటి రెండు సార్లు కడిగితే సరిపోతుంది. ఐదారు సార్లు కడిగితే చర్మంలోని సహజమైన నూనెలు పోయి పగుళ్లు వస్తాయి.

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఘాటైన యాంటీసెప్టిక్ ద్రావణాలు పుండు మీద చురుక్కుమంటే పనిచేస్తున్నట్టు అనిపిస్తుంది. అవి క్రిములతోపాటు అప్పుడే పాకుతున్న కొత్త కణాలనూ చంపుతాయి. శుభ్రమైన చోట, శుభ్రమైన సూదితో వేసిన టాటూకు సబ్బూ నీళ్లే చాలు.

క్రీము ఎంత?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తేమ మంచిదన్న మాట పట్టుకుని టాటూ నిగనిగలాడేలా పూస్తారు. తేమకూ నానడానికీ తేడా ఉంది. ఎక్కువ క్రీము కింద చర్మం నాని, తెల్లబడి, మెత్తబడుతుంది. పలుచగా ఎండి రాలిపోవాల్సిన పక్కు నీళ్లు పట్టి ఉబ్బుతుంది. ఉబ్బిన పక్కు బట్టకో దుప్పటికో అంటుకుని, కింద రంగుతో సహా ఊడి వస్తుంది. వెంట్రుకల కుదుళ్లు మూసుకుపోయి టాటూ చుట్టూ చీము పొక్కులు లేవడం కూడా ఇందువల్లే. చాలామంది దాన్ని ఇన్‌ఫెక్షన్ అనుకుని ఇంకో క్రీము తెచ్చి పూస్తారు. నిజానికి అప్పుడు చేయాల్సింది ఉన్నదాన్ని తగ్గించడం.

చర్మవైద్యులు వాడే కొలత ఒకటి ఇక్కడ పనికొస్తుంది. పెద్దవారి చూపుడు వేలి చివరి కణుపు పొడవున ట్యూబు నుంచి పిండిన క్రీము సుమారు అర గ్రాము ఉంటుంది. అది వేళ్లతో సహా రెండు అరచేతులంత చర్మానికి సరిపోతుంది. అంటే వేళ్లతో సహా ఒక అరచెయ్యంత పెద్ద టాటూకు కూడా పావు గ్రాము చాలు. ముంజేతి మీద చిన్న బొమ్మకైతే శనగగింజలో సగం. రాశాక పది నిమిషాలకు వేలు ఆనిస్తే జిగటగా తగలకూడదు. తగిలితే కాగితపు టవల్‌తో అద్ది తీసేయాలి. పూర్తిగా ఆరిన చర్మం మీదే రాయాలి. తడి మీద రాస్తే ఆ నీరు క్రీము కింద చిక్కుకుంటుంది.

ఏది రాయాలన్న వాదన ఎంత రాశామన్న దానికంటే చిన్నది. రసి కారే మొదటి రెండు మూడు రోజులు పెట్రోలియం జెల్లీ (వ్యాసెలిన్) లాంటి మందపాటి లేపనాన్ని కంటికి కనిపించనంత పలుచగా రాయడం, ఆ తర్వాత వాసన లేని, నీటి ఆధారిత లోషన్‌కు మారడం ఎక్కువమందికి సరిపడే పద్ధతి. టాటూ చర్మం పొడిబారితే నీటి ఆధారిత లోషన్ వాడాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ డెర్మటాలజీ కూడా చెబుతుంది. పరిమళం, రంగు కలిపినవి పచ్చి గాయానికి పడవు.

యాంటీబయాటిక్ లేపనాలను ‘ఎందుకైనా మంచిది’ అని రాయడం మంచి అలవాటు కాదు. వాటిలో ఉండే బాసిట్రాసిన్‌ను 2003లో, నియోమైసిన్‌ను 2010లో అమెరికన్ కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ ఆ ఏటి అలర్జీ కారకాలుగా ప్రకటించింది. ఎర్రబడి దురదపెట్టే ఆ అలర్జీ చూడటానికి ఇన్‌ఫెక్షన్‌లాగే ఉంటుంది కనుక తికమక పెడుతుంది. స్టెరాయిడ్ కలిసిన క్రీములు దురదను చప్పున తగ్గిస్తాయి కానీ గాయం మానడాన్ని ఆలస్యం చేస్తాయి. డాక్టరు చెబితే తప్ప వాటిని రాయకూడదు. నొప్పి తెలియకుండా చేసే లిడోకెయిన్ క్రీముల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. తూట్లు పడిన చర్మంలోంచి ఆ మందు మామూలు కంటే ఎక్కువగా రక్తంలోకి వెళుతుంది. పెద్ద టాటూ మీద దట్టంగా పూసి పైన ఫిల్మ్ చుడితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది.

రోజులు గడిచేకొద్దీ కనిపించేవి

మొదటి రెండు మూడు రోజులు ఎరుపు, వాపు, ఎండకు కమిలినట్టు మంట, రంగు కలిసిన పలుచని రసి ఉంటాయి. ఇవన్నీ మామూలే. పిక్క, చీలమండ, పాదం మీద వేసినవి ఎక్కువ వాస్తాయి. రక్తం కిందికే దిగుతుంది కనుక కూర్చున్నప్పుడు కాలు ఎత్తుగా పెట్టుకుంటే తగ్గుతుంది. పడుకునేటప్పుడు ఉతికిన దుప్పటి వేసుకోవాలి. పొద్దున టాటూ దుప్పటికి అంటుకుని ఉంటే లాగకుండా, దుప్పటితో సహా తడిపి విడిపించాలి.

నాలుగో రోజు నుంచి రెండో వారం చివరి దాకా పొట్టు రాలుతుంది. ఆ పొట్టు బొమ్మ రంగులోనే ఉండటంతో టాటూ ఊడిపోతోందని గాభరా పడేవారు చాలామంది. సూది దిగిన దారిలో పైపొరలో కూడా కొంత రంగు చిక్కుకుంటుంది. పైపొర రాలేటప్పుడు ఆ రంగు రాలుతుంది. డెర్మిస్‌లోని రంగు అక్కడే ఉంటుంది. సన్నటి గీతల బొమ్మలకు పొట్టు రాలినట్టే తెలియదు. నిండుగా నలుపో రంగో నింపిన చోట ఎక్కువ రాలుతుంది, అక్కడక్కడా పలుచని పక్కులు కడతాయి.

పక్కును పీకితే ఏమవుతుంది? దాని అడుగు భాగం ఇంకా మానని చర్మానికి అతుక్కుని ఉంటుంది. లాగగానే రంగు పట్టిన కణజాలం ఊడి వస్తుంది. ఆ చోట చుక్కంత తెల్ల మచ్చ మిగులుతుంది, లేదా పుండు మళ్లీ మొదటికొస్తుంది. సగం ఊడి వేలాడుతున్న పొట్టునైనా సరే, గోటితో కాదు, కడిగేటప్పుడు నీళ్లతోనే పోనివ్వాలి.

దురద ఈ దశలో తారాస్థాయికి వెళుతుంది. గాయం చుట్టూ విడుదలయ్యే హిస్టమిన్ అనే రసాయనం, చర్మం పొడిబారడం రెండూ దానికి కారణాలు. గోకకుండా ఉండాలని చెప్పడం తేలికే, నిద్రలో చెయ్యి ఆగదు. గోళ్లు పొట్టిగా కత్తిరించుకుని, పడుకునే ముందు పలుచగా లోషన్ రాసుకుంటే కొంత నయం. పగలు చల్లటి శుభ్రమైన గుడ్డను కొద్దిసేపు ఆనించినా, అరచేతితో మెత్తగా తట్టినా దురద సద్దుమణుగుతుంది. మరీ భరించలేకపోతే డాక్టరును అడిగి యాంటీహిస్టమిన్ మాత్ర వేసుకోవచ్చు.

రెండో వారం నుంచి నాలుగో వారం దాకా టాటూ పాలపొర కప్పినట్టు మసకగా, ముడతలుగా కనిపిస్తుంది. కొత్త పైపొర ఇంకా సర్దుకోలేదు, వెలుతురును చెదరగొడుతుంది. పైపొర పూర్తిగా మారడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. రంగు తేటపడేది అప్పుడే. లోపలి పొర గట్టిపడటానికి మూడు నెలలు, పెద్ద టాటూలకు ఇంకా ఎక్కువ కూడా పట్టవచ్చు. మూడో వారంలో రంగు చూసి కళాకారుడి పనితనం మీద తీర్పు చెప్పడం తొందరపాటు.

నీళ్లు, ఎండ, చెమట

స్నానం చేయవచ్చు, మునగకూడదు. చెరువు, సముద్రం, ఈతకొలను, తొట్టి ఏదైనా కనీసం రెండు వారాలు, వీలైతే నాలుగు వారాలు దూరం పెట్టాలి. పొట్టు రాలడం పూర్తిగా ఆగడమే అసలు గుర్తు. ఇది అతి జాగ్రత్త అనుకునేవారు 2017లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసును గుర్తుంచుకోవాలి. 31 ఏళ్ల వ్యక్తి కాలి మీద టాటూ వేయించుకున్న ఐదు రోజులకు గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో ఈతకొట్టాడు. ఉప్పునీటిలో ఉండే విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా సోకి, చివరికి చనిపోయాడు. అప్పటికే అతని కాలేయం దెబ్బతిని ఉండటం వల్ల జబ్బు అంతగా ముదిరింది. కాలేయ వ్యాధి ఉన్నవారికి ఈ నియమంలో సడలింపు లేదు.

పచ్చి టాటూ మీద సన్‌స్క్రీన్ రాయకూడదు. వదులుగా ఉండే బట్టతో కప్పడమే దారి. పొట్టు రాలడం ఆగి చర్మం నునుపుగా అయ్యాక, ఎస్‌పీఎఫ్ 30 లేదా అంతకంటే ఎక్కువ ఉన్న బ్రాడ్ స్పెక్ట్రమ్ సన్‌స్క్రీన్ వాడి, ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. మానే రోజుల్లో చేసే ఏ జాగ్రత్త కంటే కూడా, తర్వాత ఏళ్ల తరబడి ఎండ నుంచి కాపాడటమే బొమ్మ వెలిసిపోకుండా చూస్తుంది. అతినీలలోహిత కిరణాలు రంగు అణువులను విరగ్గొడతాయి.

వ్యాయామం రెండు రోజులు ఆపితే మంచిది. మోచేయి, మోకాలు లాంటి మడతల మీద వేసినదైతే వారం. చర్మం సాగి ముడుచుకున్న ప్రతిసారీ పక్కు పగులుతుంది. చెమట పట్టినా ప్రమాదమేమీ లేదు, పట్టి ఆరిపోనివ్వకుండా వెంటనే కడుక్కోవాలి. నడుం పట్టీ, బ్రా పట్టీ, సాక్సు అంచు రుద్దుకునే చోట టాటూ ఉంటే పొట్టు రాలే రెండు వారాలకు బట్టలు మార్చుకోక తప్పదు. మానేదాకా దాని మీద రేజరు పెట్టకూడదు. పొగతాగితే చర్మానికి రక్తం తక్కువ అందుతుంది, గాయం ఆలస్యంగా మానుతుంది.

ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలి

ఒక్క సూత్రం గుర్తుంటే చాలావరకు తప్పు జరగదు. మొదటి రోజు కంటే రెండో రోజు, రెండో రోజు కంటే మూడో రోజు నొప్పి, వేడి, వాపు తగ్గాలి. మూడో రోజు దాటాక ఏదైనా పెరిగితే అది మామూలు మానడం కాదు. సలుపు, చేత్తో తాకితే పక్క చర్మం కంటే వేడిగా ఉండటం, చిక్కటి పసుపు లేదా ఆకుపచ్చ చీము, దుర్వాసన, టాటూ అంచు దాటి పాకుతున్న ఎరుపు ఇన్‌ఫెక్షన్ గుర్తులు. రసి పలుచగా, కొంచెం పసుపుగా ఉన్నా నీళ్లలా జారుతుంది. చీము చిక్కగా, మబ్బుగా ఉంటుంది. ఎరుపు అంచు చుట్టూ పెన్నుతో గీత గీసి కొన్ని గంటలు చూస్తే, పాకుతోందో లేదో తేలిపోతుంది. గీత దాటితే ఆ రోజే చూపించుకోవాలి. జ్వరం, చలి, టాటూ నుంచి పైకి పాకే ఎర్రటి చార, చంకలోనో గజ్జల్లోనో నొప్పితో బిళ్ల కట్టడం కనిపిస్తే పెన్ను గీతలు పెట్టుకుని కూర్చోకుండా వెంటనే వెళ్లాలి.

ఎరుపు గురించి రాసేవన్నీ తెల్లటి చర్మాన్ని దృష్టిలో పెట్టుకుని రాసినవే ఎక్కువ. చామనఛాయ, నల్లటి చర్మం మీద అదే మంట ఎర్రగా కనిపించదు. ఊదా రంగులోనో, చుట్టూ ఉన్న చర్మం కంటే ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది, కొన్నిసార్లు రంగు తేడాయే తెలియదు. అలాంటి చర్మం ఉన్నవారు కంటి కంటే చేతిని నమ్మాలి. వేడి, గట్టిపడిన వాపు, నొక్కితే నొప్పి సరైన గుర్తులు. మానాక కూడా అంచుల్లో కొన్ని నెలలు నల్లటి నీడ మిగలవచ్చు. అది మంట పెట్టిన చర్మం, రంగునిచ్చే మెలనిన్‌ను ఎక్కువగా తయారుచేయడం వల్ల వచ్చేది, మెల్లగా పోతుంది. ఎండ తగిలితే ముదురుతుంది.

ఎంత బాగా చూసుకున్నా వచ్చే ఇన్‌ఫెక్షన్లు కూడా ఉన్నాయి. 2011లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో 19 మందికి టాటూ మీద ఎర్రటి బొడిపెలు లేచాయి. కారణం మైకోబ్యాక్టీరియం చెలోనే అనే క్రిమి, అది వచ్చింది ముందే నీళ్లు కలిపి అమ్మిన బూడిద రంగు సిరా నుంచి. ఈ రకం జబ్బులో చీము, జ్వరం కనిపించకపోవచ్చు. రెండు మూడు వారాలకు ఒకే రంగు ఉన్న మేరలోనే చిన్న బొడిపెలు లేచి, ఎన్ని రోజులైనా తగ్గవు. మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగవు, సరైన మందు నెలల తరబడి వాడాల్సి రావచ్చు. బొడిపెలు ఒక రంగుకే పరిమితమై ఉన్నాయని డాక్టరుకు చెప్పడం చాలా ముఖ్యం. పరీక్ష ఏది చేయాలన్నది ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉంటుంది.

రంగు ఒంటికి పడక వచ్చే అలర్జీ కూడా ఇలాగే ఒక రంగు వరకే కనిపిస్తుంది. అందులో ఎరుపు మిగతా అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. ఆ భాగం ఉబ్బెత్తుగా లేచి, దురదపెడుతూ, పొలుసులు కడుతుంది. వారాలకే రావచ్చు, ఏళ్ల తర్వాతా రావచ్చు. టాటూ సిరాల్లో వేలాది రసాయనాలపై యూరోపియన్ యూనియన్ 2022 జనవరి నుంచి పరిమితులు పెట్టడానికి అలర్జీ, క్యాన్సర్ భయాలే కారణం. ఇలాంటి అలర్జీకి లేజర్‌తో తీయించుకోవాలని తొందరపడకూడదు. లేజర్ రంగును ముక్కలు చేసి ఒంట్లో చెదరగొడితే అలర్జీ ఇంకా ముదరవచ్చు. ముందు చర్మవైద్యుడు చూడాలి.

మధుమేహం అదుపులో లేనివారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు లేదా రక్తం పలుచన చేసే మందులు వాడేవారు, గుండె కవాట సమస్య ఉన్నవారు, గాయం మానాక ఉబ్బెత్తుగా పెరిగే కెలాయిడ్ మచ్చలు వచ్చే శరీరతత్వం ఉన్నవారు టాటూ తర్వాత కాదు, ముందే డాక్టరుతో మాట్లాడాలి. ఛాతీ, భుజాల మీద కెలాయిడ్‌లు ఎక్కువగా వస్తాయి.

జాగ్రత్తతో సరికానివి

గీత చుట్టూ నీలి నీడ పరుచుకుని మసకబారితే అది బ్లోఅవుట్. సూది మరీ లోతుకు దిగి రంగు డెర్మిస్ దాటి కొవ్వు పొరలో పాకింది. ఏ క్రీముతోనూ, ఎంత శుభ్రంగా ఉంచినా అది వెనక్కి రాదు, అలాగే వేయించుకున్నవారి నిర్లక్ష్యం వల్ల వచ్చేదీ కాదు. గీతలు తెగినట్టు, రంగు చుక్కలు చుక్కలుగా లేనట్టు కనిపిస్తే సూది తగినంత లోతుకు వెళ్లి ఉండకపోవచ్చు, లేదా పక్కు ముందే ఊడి ఉండవచ్చు. ఒకేచోట ఎక్కువసార్లు సూది తిప్పితే చర్మం నలిగిపోయి దట్టమైన పక్కు కడుతుంది, మానాక కూడా గట్టిగా తగులుతుంది. వేళ్ల పక్కలు, అరచెయ్యి, పాదం అంచు మీద వేసినవి ఎవరు వేసినా, ఎలా చూసుకున్నా వెలిసిపోతాయి. అక్కడ చర్మం మందం, రాపిడి రెండూ ఎక్కువ.

వెలితి పడిన చోట మళ్లీ దిద్దించుకోవాలంటే కనీసం ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగాలి. పాలపొర పోయి, వేలితో తడిమితే టాటూ ఉన్న చర్మానికీ లేని చర్మానికీ తేడా తెలియని స్థితి రావాలి. ఇంకా మెరుస్తూ, ఎత్తుగా తగులుతున్న చోట సూది పెడితే రంగు పట్టదు, మచ్చ పడుతుంది. దిద్దిన చోటు చిన్నదే అయినా అది మళ్లీ కొత్త గాయం. కడగడం, పలుచని లేపనం, ఎండకు చూపకపోవడం, నీళ్లలో మునగకపోవడం ఆ చోటు వరకు మొదటి రోజు నుంచి మళ్లీ పాటించాలి.